కుట్టిన పందిరికి నష్టం లేదు

భరణి కార్తె, మొదటి రోజు

ఈ రోజు నుంచి నేను ఛత్రచ్ఛాయ బీమా సంస్థ మిట్ట శాఖలో శిక్షణ విద్యార్థిని. రోజూ చూసింది రాసుకు రమ్మన్నారు తెలుగు మాస్టారు. "అలంకారాలు వద్దు ఇందుమతీ, జరిగింది జరిగినట్టు రాయి" అన్నారు. ఈ ఆఫీసులో చూసింది చూసినట్టు రాస్తే ఎవరూ నమ్మరేమోనని నా భయం.

తెల్లవారకముందే మా పందిరి మీద దుమ్ము తుడిచి, అమ్మతో కలిసి తాళ్ళు బిగించి వెళ్ళాను. మా ఊళ్ళో ప్రతి ఇంటికీ ఒక చలవపందిరి. ఆఫీసుకు రెండు, ఒకదాని మీద ఒకటి. లోపల అడుగుపెట్టగానే చల్లదనానికి చేతుల మీద రోమాలు నిక్కబొడుచుకున్నాయి. బెంచీల నిండా జనం. వీళ్ళందరికీ ఇన్ని సందేహాలా అనుకున్నాను. సందేహాలు కావు. టోకెన్ తీసుకుంటారు, తమ వంతు వచ్చే వేళకు వెనకవాళ్ళకు ఇచ్చేసి కొత్తది తీసుకుంటారు. చల్లగా కూర్చోవడానికి అదొక దారి. ఈ సంస్థ జనానికి నిజంగా చేస్తున్న మేలు ఇదొక్కటే అనుకుంటాను. అదీ తెలియక చేస్తున్నది.

నా పని, తరచుగా అడిగే ప్రశ్నలకు జవాబులు వాడుక భాషలో పెట్టడం. పెట్టినవాటిని శాంత చదువుతుంది. శాంత మనిషి కాదు, గోడలోని గొంతు. తేనె పూసిన గొంతు. ఆమెలో ఏది రాసిపెడితే అదే పలుకుతుంది, ఆమె పలికిందే సంస్థ మాట.

మేనేజరు ప్రసన్నాంజనేయులు గారు చెప్పారు: "మన జవాబులు జనానికి అర్థం కావటంలేదని పైనుంచి మాట వచ్చిందమ్మా. తేలిక తెలుగులోకి మార్చు. అర్థం మాత్రం మారకూడదు."

మొదటి ప్రశ్న: కవరేజీ అంటే ఏమిటి? అక్కడున్న జవాబు: "సదరు పాలసీదారుని నివాసచ్ఛాదనమునకు సంభవించు ప్రత్యక్ష, దృశ్యమాన, యథాతథ నష్టమునకు సంస్థ స్వీయ విచక్షణ మేరకు వహించు బాధ్యతయే కవరేజీ."

నాకు మాటలంటే ఇష్టం. కొత్త మాట దొరికితే నోట్లో బెల్లం ముక్కలా తిప్పుకుంటాను. ఇవి బెల్లం ముక్కలు కావు, గులకరాళ్ళు. ఒక్కొక్కటే బయటికి తీసి కడిగి ఇలా రాశాను: "మీ పందిరి చిరిగితే, ఆ చిరుగు మా కంటికి కనబడితే, చిరిగింది చిరిగినట్టే ఉంటే, మాకు ఇవ్వాలనిపిస్తే, కొత్త పందిరి ఇస్తాం. దీన్నే కవరేజీ అంటారు."

మేనేజరు గారు రెండుసార్లు చదివారు.

"అర్థం మారిందా సార్?"

"మారలేదు" అన్నారు నీరసంగా. "అదే ఇబ్బంది."

భరణి, నాలుగో రోజు

నిన్న పొద్దు వాలే వేళ సుడిగాలి లేచింది. మా పక్కింటి కాశింబీ అత్త పందిరి నడిమికి చీలింది.

అత్త పళ్ళెం మోగించింది. మిట్టలో పళ్ళెం మోగితే దాన్ని సూదిపిలుపు అంటాం. ఎవరి పొయ్యి మీద ఏమున్నా దించేస్తారు. ఎవరి సూది వాళ్ళు, ఎవరి దారం వాళ్ళు తీసుకుని నిచ్చెనలెక్కుతారు. ప్రతి ఇంటికీ ఒక రంగు దారం. మాది పసుపు. చిరుగు కుట్టేదాకా ఆ ఇళ్ళ వరసలో ఎవరూ అన్నం ముట్టరు. ఎందుకంటే తెల్లారితే ఎండ. చిరిగిన పందిరి కింద ఎండలో మనిషి ఒక్క పగలు కూడా నిలవడు. ఇది ఎవరూ ఎవరికీ నేర్పరు, పాకే పిల్లలు కూడా పళ్ళెం మోగితే అటు తిరుగుతారు.

"ఏమే ఇందూ, బీమా ఆఫీసులో చేరావంటగా, నీ కుట్టు కూడా సంస్కృతంలోనే ఉందే!" అంది అత్త, నా వంకర కుట్టు చూసి.

"అందుకే ఎవరికీ అర్థం కాదు" అంది మా అమ్మ.

నిచ్చెనల మీద అందరూ నవ్వారు. కింద నులకమంచం మీద పడుకుని సైదులు మామ కూడా నవ్వాడు. మామ అత్త భర్త. మూడేళ్ళ కిందట పైవరసలో పందిళ్ళు బిగిస్తుంటే వడదెబ్బ తగిలింది. బతికాడు గాని, అప్పటినుంచి ఒంటికి చెమట పట్టదు. చెమట పట్టని ఒళ్ళు మూత పెట్టిన కుండ లాంటిదని డాక్టరమ్మ చెప్పింది. పందిరే ఆయనకు చెమట.

కుట్టడమైతే అయింది. కానీ పందిరి గుడ్డ లోపల సన్నటి నరాలుంటాయి, వాటిలో చలవనీరు పారుతుంది. తెగిన నరాలు కుడితే కలవవు. నడిమి భాగం చచ్చిపోయింది. సరిగ్గా మామ మంచం పైభాగం. రోహిణి కార్తె లోపల కొత్త పందిరి రాకపోతే మామ దక్కడు. అందరూ ఆ మంచం వైపు చూసి, దారాలు తెంపుకుని ఇళ్ళకు పోయారు.

కొత్త పందిరి బజారులో దొరకదు. ఛత్రచ్ఛాయ ఇస్తేనే.

భరణి, తొమ్మిదో రోజు

కాశింబీ అత్త ఆఫీసుకొచ్చింది. ఆమె పంపిన ఫొటో చూసి సంస్థ కన్ను తీర్పు చెప్పేసింది. ఆ కన్ను కూడా యంత్రమే. నేను బల్ల దగ్గర కూర్చుని ఉండగా, అత్త గోడకు మొహం పెట్టి నిలబడింది.

"నమస్కారం" అంది శాంత. "మీ క్లెయిము పరిశీలించాం. నష్టం కనబడలేదు."

"కనబడకపోవడమేంటమ్మా, నడిమికి చీలింది."

"ఫొటోలో పందిరి కలిసే ఉంది. నష్టం కనబడలేదు."

"కుట్టాం కాబట్టి కలిసుంది. కుట్టకపోతే మా ఆయన పోతాడుగా!"

"కుట్టిన పందిరికి నష్టం లేదు. మీకింకేమైనా సందేహాలున్నాయా?"

అత్త అదే ప్రశ్న నాలుగుసార్లు అడిగింది, నాలుగు రకాలుగా. శాంత నాలుగుసార్లూ ఒకే జవాబు, ఒకే తీపితో చెప్పింది. చివరికి అత్త నావైపు తిరిగి, "దీనికి పెళ్ళైందా?" అంది.

"లేదత్తా."

"ఎట్లా అవుద్ది!"

బెంచీల మీదవాళ్ళు పడీపడీ నవ్వారు. నేనూ నవ్వాను. తర్వాత గుర్తొచ్చింది, "కుట్టిన పందిరికి నష్టం లేదు" అన్న వాక్యం మొన్న నేను తేలిక చేసిందే. అంతకుముందు అది "స్వకృత సంధానానంతరము నష్టము పరిగణింపబడదు" అని ఉండేది. చక్కగా, చిన్నగా రాశానని మురిసిపోయాను కూడా.

భరణి, పన్నెండో రోజు

మేనేజరు గారిని అడిగాను.

"వాళ్ళెందుకు కుట్టారమ్మా? అదీ తప్పు" అన్నారాయన. "చిరిగింది చిరిగినట్టు వదిలేసి సర్వేయరు వచ్చి నష్టం కొలిచేదాకా ఆగాలి."

"సర్వేయరు ఎప్పుడొస్తారు సార్?"

"వరస క్రమంలో."

"ఎన్నాళ్ళకు?"

"క్రమం ఎంత పొడుగుంటే అన్నాళ్ళకు."

"ఈలోపల పందిరి కింద మనిషి పోతే?"

ఆయన నిజంగానే ఆలోచించారు. "అది జీవిత బీమా. వేరే కౌంటరు."

ఈ మనిషి చెడ్డవాడని రాయలేను. మధ్యాహ్నం తన మజ్జిగలో సగం నాకిస్తాడు. మజ్జిగ ఇచ్చేటప్పుడు మాట్లాడే భాష వేరు, కుర్చీలో మాట్లాడే భాష వేరు. కుర్చీలో కూర్చోగానే ఆయన నోటికి గులకరాళ్ళు అడ్డం పడతాయి.

ఈ రోజు తేలిక చేసిన ప్రశ్నలు:

చిరిగిన పందిరిని కుట్టుకోవచ్చా? కుట్టుకోకూడదు. సర్వేయరు కుట్టమని ఆదేశిస్తే మాత్రం కుట్టాలి. అప్పుడు క్లెయిము చెల్లుతుంది.

నేను కుట్టిన కుట్టుకు విలువ ఉందా? లేదు. మీరు వేసిన కుట్టును సంస్థ గుర్తించదు.

మా పందిరి పాడైతే పక్కింట్లో ఉండొచ్చా? ఉండకూడదు. ఒక పందిరి కింద ఒక్క చుట్టాన్ని, అదీ ఒక్క పూటే అనుమతిస్తాం. ఇంకొకరు వచ్చినా, పూట దాటినా ఆ ఇంటివాళ్ళ పాలసీ రద్దవుతుంది.

అత్తకు శాంత చెప్పిన వాక్యం పక్కన వీటిని పెట్టి చదివాను. ఆ వాక్యం ప్రకారం కుట్టు వేస్తే నష్టం లేదు. ఈ రోజు రెండో జవాబు ప్రకారం ఆ కుట్టు లేనే లేదు. గులకరాళ్ళ భాషలో ఉన్నంతకాలం ఈ రెండూ ఒకదాన్నొకటి చూసుకోలేదు. ఇప్పుడు ఎదురుబొదురుగా నిలబడ్డాయి.

కృత్తిక, ఆరో రోజు

సైదులు మామ పూటకో ఇంట్లో చుట్టంగా ఉంటున్నాడు. పందిరికి ఒంటివేడి తెలుస్తుంది, అది తలలు లెక్కపెట్టి సంస్థకు చెబుతుంది. కాబట్టి పూట కాగానే మంచం లేవాలి. నలుగురు మంచమెత్తుకుని, మీద తడిదుప్పటి పట్టుకుని ఎండలో పక్కింటికి పరుగెడతారు.

"పెళ్ళప్పుడు కూడా నన్నింతగా ఊరేగించలేదు" అన్నాడు మామ మా ఇంట్లో దిగుతూ.

"అప్పుడు నీకింత బరువేదీ!" అన్నాడు మంచం మోసినవాళ్ళలో ఒకడు.

నవ్వారు గాని మామ పెదాలు బీటలు వారాయి. మూడోసారి మార్చేటప్పటికి కళ్ళు తేలేశాడు. తడిగుడ్డలు వేసి విసిరితే తేరుకున్నాడు. ఇంకా కృత్తికే ఇది. రోహిణిలో ఆ నాలుగడుగులు కూడా దాటించలేమని డాక్టరమ్మ చెప్పేసింది.

అత్త అప్పీలు పెట్టింది. అప్పీలు పెడితే సర్వేయరు స్వయంగా వచ్చి చూడాలట. రోహిణి మొదటి రోజు, మిట్టమధ్యాహ్నం వస్తారట. ఎండ నడినెత్తిన ఉన్నప్పుడు, పందిరి కింద కూర్చుని చలవ కొలవాలని వాళ్ళ నియమం.

"వచ్చి ఏం చేస్తాడు?" అంది అత్త. "కుట్టిన పందిరి చూసి, నష్టం లేదని ఆ గోడ చెప్పిందే మళ్ళీ చెబుతాడు."

అప్పుడు నేను ఆ మూడు జవాబులూ చదివి వినిపించాను. అత్త రెండోది మళ్ళీ చదవమంది.

"మేం వేసిన కుట్టును గుర్తించరా?"

"గుర్తించరు."

"అయితే గుర్తించని కుట్టు విప్పితే మేం ఏం విప్పినట్టు?"

అమ్మ మెల్లిగా కత్తెర కోసం లేచింది. "కూర్చోవే" అంది అత్త. "ఇప్పుడే కాదు. ఆ సారు గారు వచ్చే పూట విప్పుదాం. చిరిగింది చిరిగినట్టు చూపిద్దాం. యథా... ఏంటే ఆ మాట?"

"యథాతథం."

"అదే. యథాతథంగా చూపిద్దాం."

రోహిణి, మొదటి రోజు

జరిగింది జరిగినట్టు రాస్తున్నాను మాస్టారూ.

పొద్దున్నే మంచం అక్కడే వదిలి మామను మా ఇంటికి తెచ్చాం. తర్వాత వరసంతా నిచ్చెనలెక్కి ఎవరి దారం వాళ్ళు లాగేశారు. వేసేటప్పుడు నవ్వినవాళ్ళు తీసేటప్పుడు ఒక్కరూ నవ్వలేదు. సూదిపిలుపు వచ్చాక వేసిన కుట్టును విప్పడం మా మిట్టలో ఎవరూ ఎన్నడూ చేయలేదు. అత్త తన దారం తనే లాగింది. కళ్ళు మూసుకుని లాగింది.

సర్వేయరు జయదేవ్ గారు బండి దిగారు. ఎండకు తాళలేదని బండి వెంటనే ఊరి చివర కొట్టంలోకి పోయింది. ఆయన ఒంటి మీద చలవకోటు. భుజం మీద చిన్న డబ్బా, అందులో శాంత. కోటు తన చలవను పైనున్న పందిరి నుంచే తీసుకుంటుంది. ఈ సంగతి ఆయనకు మాకంటే బాగా తెలియాలి. ఎప్పుడూ బాగున్న పందిళ్ళ కిందే కూర్చుని నష్టాలు కొలిచిన మనిషి గనక గుర్తు రాలేదేమో.

"చిరిగుందే!" అన్నారు పైకి చూసి. "ఫొటోలో కలిసుందిగా?"

"ఫొటోలో మా కుట్టు ఉంది సార్" అంది అత్త. "మీరు దాన్ని గుర్తించనన్నారు. అందుకని తీసేశాం."

ఆయన చిరుగు కింద మామ మంచం మీద కూర్చుని కొలిచే గొట్టం నిలబెట్టారు. అత్త ఎదురుగా నేల మీద కూర్చుంది, అదే ఎండలో. వరసలోని ఆడవాళ్ళు గుమ్మాల్లో, సూదుల్లో దారాలు ఎక్కించుకుని కూర్చున్నారు.

కాసేపటికి కోటు గుర్రుమని ఆగిపోయింది.

"కొంచెం నీళ్ళు."

అత్త కడవ దగ్గర పెట్టింది. తలకు తడిగుడ్డ చుట్టింది. గుడ్డ చూస్తుండగానే ఆరిపోయింది.

"శాంతా, బండి పిలువు" అన్నారాయన.

"మీ ప్రశ్న మాకు ముఖ్యం" అంది భుజం మీది శాంత. "దయచేసి వేచి ఉండండి."

గుమ్మాల్లో ఎవరో కిసుక్కుమన్నారు. జయదేవ్ గారు లేచి మా ఇంటి గుమ్మం దాకా వచ్చారు. మొహం ఎర్ర కందగడ్డలా ఉంది.

"అమ్మా, లోపల కాసేపు..."

"అయ్యో, రండి సార్" అంది మా అమ్మ. "కానీ ఇప్పటికే ఒక చుట్టం ఉన్నాడు. మీరొస్తే మా పాలసీ పోద్ది. మీరు రాసిందేగా."

పక్కింటికి వెళ్ళారు. అక్కడా ఒక చుట్టం. ఎదురింట్లోనూ చుట్టమే. ఈ పూట మా వరసలో ప్రతి ఇంటికీ ఒక చుట్టం వచ్చాడు. ఎంత బంధుప్రీతి!

లోపలి నుంచి సైదులు మామ గొంతు వినిపించింది. "ఇందూ, ఆయన్ని లోపలికి రమ్మను. నేను బయటికి పోతా. పాపం, కొత్త మనిషి."

నేను కదల్లేదు. ఆ మాట మాత్రం జయదేవ్ గారు విన్నారు. గుమ్మంలో నిలబడి మామను చూశారు. చెమట చుక్క లేని ఆ ఒంటిని, చెమటతో తడిసి ముద్దయిన తన చొక్కాను చూసుకున్నారు. వెళ్ళి మళ్ళీ అదే మంచం మీద కూలబడ్డారు.

"రోజూ అక్కడే పడుకుంటాడు సార్ మా ఆయన" అంది అత్త. ఆమె గొంతు కూడా ఆరిపోయింది. "బాగా కొలవండి."

గొట్టంలో ఎర్రగీత పైకి పాకి అంచు దాటింది. ఆయన తలెత్తి గుమ్మాల్లో సూదులు చూశారు.

"కుట్టండి" అన్నారు.

ఎవరూ లేవలేదు.

"కుట్టండమ్మా! చస్తాను!"

"కుడితే నష్టం లేదంటారు సార్" అంది అత్త.

"నేను చెబుతున్నాగా! సర్వేయరుగా చెబుతున్నా, వెంటనే కుట్టండి!"

భుజం మీది శాంత తీయగా అంది: "సర్వేయరు ఆదేశం నమోదైంది. క్లెయిము చెల్లుతుంది."

అత్త పళ్ళెం మోగించలేదు, అవసరం లేకపోయింది. ఆ మాట పూర్తయ్యేలోపల నిచ్చెనలు లేచాయి. ఆ మండుటెండలో తడిగుడ్డలు తలకు చుట్టుకుని అంత వేగంగా కుట్టడం నేనెప్పుడూ చూడలేదు. నా పసుపు దారం ఈసారి వంకర పోలేదు. మా అమ్మ కిందికి వంగి, "సార్, మీక్కూడా ఒక రంగు దారం ఇమ్మంటారా?" అని అడిగింది. ఆయన కళ్ళు మూసుకునే తలూపారు. ఔననో కాదనో తెలియలేదు.

రోహిణి, మూడో రోజు

కొత్త పందిరి వచ్చింది. దానితో పాటు ఫొటో తీసేవాళ్ళూ వచ్చారు. "ఛత్రచ్ఛాయ చల్లని చూపు" అని రాసిన అట్ట మామ చేతిలో పెట్టి నవ్వమన్నారు.

"ఇప్పుడు నవ్వితే నష్టం లేదని పందిరి మళ్ళీ పట్టుకుపోరుగా?" అన్నాడు మామ.

మొత్తానికి నవ్వాడు. పందిరి బిగించాక మంచం మళ్ళీ నడిమికి జరిపాం. సాయంత్రానికి ఆయన పెదాలకు తడి వచ్చింది. అత్త పాత పందిరిని మడిచి తలకింద దిండుగా పెట్టింది. దాని మీద రంగురంగుల కుట్లు.

రోహిణి, ఐదో రోజు

పైనుంచి కొత్త నియమం వచ్చింది. సర్వేయర్లు ఇకమీదట పందిరి కిందికి వెళ్ళకూడదు. వాళ్ళు నేర్చుకున్న పాఠం ఇది. ఎండ పాలసీదారుకు తగిలితే సందేహం, సర్వేయరుకు తగిలితే సంస్కరణ.

మేనేజరు గారు నా జవాబులన్నీ వెనక్కి తీసేస్తున్నామన్నారు. రేపటినుంచి శాంత మళ్ళీ గులకరాళ్ళ భాషే మాట్లాడుతుంది.

"అర్థం ఎక్కడైనా మారిందా సార్?" అని అడిగాను.

"ఒక్కచోటా మారలేదమ్మా" అన్నారాయన. "అర్థం కాకపోతే జనం మర్యాదగా వెళ్ళిపోయేవాళ్ళు. నువ్వొచ్చాక వింటున్నారు." మజ్జిగలో సగం ఇచ్చి, రేపటినుంచి రానక్కర్లేదన్నారు.

మధ్యాహ్నం దాకా నాకింకా పని ఉంది. జాబితాలో ఒక్క ప్రశ్న మిగిలింది: పందిరి చిరిగితే ముందుగా ఎవరికి తెలియజేయాలి? పాత జవాబు ఐదు వరుసలుంది, చివర "తగు కార్యాలయమునకు" అని ఉంది. తేలిక చేసి శాంతలో పెట్టాను. అర్థం మార్చాను. ఈ ఒక్కచోటే మార్చాను.

కాశింబీ అత్త టోకెన్ తీసుకుని వచ్చి గోడకు మొహం పెట్టి నిలబడింది. పందిరి చిరిగితే ముందు ఎవరికి చెప్పాలమ్మా అని అడిగింది.

శాంత అదే తేనె గొంతుతో అంది: "పక్కింటివాళ్ళకు చెప్పండి. సూది వాళ్ళ దగ్గరుంటుంది. మాకు తర్వాత చెప్పవచ్చు. మేం ఎలాగూ తర్వాతే వస్తాం."

బెంచీలన్నీ వినేలా అత్త అదే ప్రశ్న నాలుగుసార్లు అడిగింది.